సీడీ పట్టని కారులో సొంత పాటలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కొత్త కారు ఇంటికొచ్చాక చాలామందికి మొదటి ప్రయాణంలోనే తట్టే లోటు ఒకటుంది. డ్యాష్‌బోర్డులో సీడీ పెట్టే చోటే ఉండదు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే కొని దాచుకున్న సీడీలు, ఏ యాప్‌లో వెతికినా దొరకని కచేరీలు, హరికథలు, నాటక పద్యాలు బీరువాలోనే ఉండిపోతాయి. ఈ విషయం మీద వచ్చిన ప్రశ్నలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మా దగ్గర దాదాపు 140 ఆడియో సీడీలున్నాయి. పాత సినిమా పాటలు ఎక్కువ, కొన్ని కర్ణాటక సంగీత కచేరీలు. కొత్త కారులో యూఎస్‌బీ, బ్లూటూత్ మాత్రమే ఉన్నాయి. కంప్యూటర్‌లో సీడీ తెరిచి అందులోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. కారులో ఒక్కటీ మోగలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది? మొదటి నుంచి ఎలా చేయాలి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు కాపీ చేసినవి పాటలు కావండీ, పాటల చిరునామాలు. ఆడియో సీడీని విండోస్‌లో తెరిస్తే సీడీఏ అనే తోకతో ట్రాకులు కనిపిస్తాయి. ఒక్కొక్కటి 44 బైట్లే ఉంటుంది. ఏ పాట డిస్కు మీద ఎక్కడ మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది అన్న సమాచారం తప్ప అందులో ఇంకేమీ లేదు. అసలు సంగీతాన్ని డిస్కు నుంచి చదివి ఫైలుగా మార్చడాన్ని రిప్ చేయడం అంటారు. దానికి వేరే ప్రోగ్రాం కావాలి.

ఈ పని రెండు అంచెల్లో చేయండి. ముందు ప్రతి సీడీనీ నాణ్యత ఏమాత్రం తగ్గకుండా ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. అది ఇంటి ప్రతి. తర్వాత దాన్నుంచి మీ కారు సిస్టమ్‌కు సరిపడే రూపంలో ఇంకో ప్రతి తీయండి. అది కారు ప్రతి. తొందరపడి నేరుగా ఎంపీ3గా ఎక్కించుకుంటే, మున్ముందు ఇంకా మంచి నాణ్యత కావాలనిపించినప్పుడు 140 సీడీలనూ మళ్లీ ముందేసుకుని కూర్చోవాలి. అప్పటికి వాటిలో కొన్ని చదవడమే మానేసి ఉండొచ్చు.

లాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీతో నడిచే బయటి డీవీడీ డ్రైవ్ కొనుక్కోండి. దాన్ని లాప్‌టాప్‌కే నేరుగా తగిలించండి. హబ్ మీదుగా ఇస్తే కరెంటు చాలక డిస్కు తిరగబోయి ఆగిపోతుంటుంది. విండోస్ వాడేవారికి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. మొదటిసారి తెరిచినప్పుడు అది మీ డ్రైవ్‌ను పరీక్షించుకుంటుంది, ఆ మెట్టు దాటేయకండి. సెక్యూర్ మోడ్ ఎంచుకుని, ఫైలు రకంగా ఫ్లాక్ పెట్టండి. ఫ్లాక్ సంగీతంలో ఒక్క చుక్క కూడా పోగొట్టకుండా ఫైలు పరిమాణాన్ని మాత్రం తగ్గిస్తుంది. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్ల చొప్పున, రెండు చానెళ్లలో నమోదు చేస్తారు. లెక్కేస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ. గంటసేపు ఉండే సీడీ 600 ఎంబీ దాటుతుంది. ఫ్లాక్‌లో అదే 300 నుంచి 400 ఎంబీకి వస్తుంది. మీ 140 సీడీలకు 50 జీబీ చుట్టూ ఖాళీ ఉంటే చాలు.

తాను చదివింది సరైందో కాదో తేల్చుకోవడానికి ఈ ప్రోగ్రాం ఆక్యురేట్‌రిప్ అనే పట్టికతో పోల్చి చూస్తుంది. అదే సీడీని వేరేవాళ్లు చదివినప్పుడు వచ్చిన ఫలితాలు ఆ పట్టికలో ఉంటాయి. తెలుగు సీడీలు చాలావరకు అందులో కనిపించవు. డిస్కు పట్టికలో లేదని వస్తే కంగారు పడకండి, మీ సీడీ చెడిపోయిందని దాని అర్థం కాదు. అలాంటప్పుడు టెస్ట్ అండ్ కాపీ వాడండి. ప్రతి ట్రాకునూ రెండుసార్లు చదివి, రెండుసార్లూ వచ్చిన సంకేత సంఖ్యలు చూపిస్తుంది. రెండూ ఒకటే అయితే ట్రాకు శుభ్రంగా వచ్చిందని నమ్మొచ్చు. బాగున్న డిస్కుకు పది పదిహేను నిమిషాలు, రెండుసార్లు చదివిస్తే ఇంకొంచెం పడుతుంది. రోజుకు ఐదు చొప్పున పెట్టుకుంటే నెలలోపు ముగుస్తుంది.

గీతలు పడ్డ డిస్కును మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే సన్నగీత ట్రాకు వెంబడే సాగుతుంది. అడ్డంగా పడ్డ గీతను సీడీలోని తప్పులు దిద్దే ఏర్పాటు తట్టుకుంటుంది గానీ ట్రాకు వెంట సాగిన గీతను తట్టుకోలేదు. అయినా చదవకపోతే డ్రైవ్ వేగం 4 రెట్లకు తగ్గించి చూడండి. చాలామంది మెరిసే వైపునే జాగ్రత్తగా చూసుకుంటారు. నిజానికి బొమ్మ ఉన్న వైపు గీతే ఎక్కువ ప్రమాదం. కాంతిని తిప్పికొట్టే పొర సరిగ్గా ఆ బొమ్మ కిందే ఉంటుంది, అది లేచిపోతే ఇక చేసేదేమీ లేదు.

‘ఒకే సీడీలో 150 పాటలు’ తరహావి ఉంటే అవి ఆడియో సీడీలు కావు, డేటా డిస్కులు. వాటిలోని ఎంపీ3 ఫైళ్లను మామూలుగా కాపీ చేసుకుంటే సరిపోతుంది. వాటిని ఫ్లాక్‌గా మార్చకండి. పోయిన నాణ్యత తిరిగిరాదు, ఫైలు మాత్రం బరువెక్కుతుంది.

ఇక కారు ప్రతి. ఫూబార్2000 అనే ప్రోగ్రాం, దానికి తోడు వాళ్లే ఉచితంగా ఇచ్చే, ఫైళ్లను ఎంపీ3 వంటి రూపాల్లోకి మార్చే ఎన్‌కోడర్ ప్యాక్ దించుకోండి. ఫ్లాక్ ఫైళ్లన్నీ అందులో వేసి 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) స్థిర రేటు ఎంపీ3గా మార్చండి. నిమిషానికి 2.4 ఎంబీ, ఐదు నిమిషాల పాటకు 12 ఎంబీ. 140 సీడీలూ కలిపి 20 జీబీ చుట్టూ వస్తాయి, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో హాయిగా పడతాయి. మారుతూ ఉండే రేటుతో చేసిన ఎంపీ3లు కూడా బాగానే ఉంటాయి గానీ, పాత సిస్టమ్‌లు కొన్ని వాటి నిడివి తప్పు చూపిస్తాయి, పాట మధ్యలోకి జరపబోతే తడబడతాయి. మీ కారు ఫ్లాక్‌ను నేరుగా వాయిస్తుందేమో యజమాని పుస్తకంలో చూడండి, ఈమధ్య వచ్చిన చాలా సిస్టమ్‌లు వాయిస్తాయి. అయినా టైర్ల చప్పుడు, ఏసీ హోరు మధ్య ఈ రెండింటికీ తేడా చెవికి అందడం కష్టం. కారుకు ఎంపీ3యే మేలు, ఏ బండిలో పెట్టినా మోగుతుంది.

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న సీడీని ఇలా ఎక్కించుకోవడం నేరమా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన మేరకు వినియోగించుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. 2012 సవరణతో ఈ వెసులుబాటు కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప మిగతా కృతులన్నిటికీ వర్తించింది. దాని కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడం గురించి కూడా అక్కడే చెప్పారు. కొన్న సీడీని మీ కారులో మీరు వినడానికి ఎక్కించుకోవడం వేరు, డబ్బు తీసుకుని పదిమంది పెన్‌డ్రైవ్‌లలో పాటలు ఎక్కించి ఇవ్వడం వేరు. రెండోదానికి ఈ వెసులుబాటు లేదు.

ప్రశ్న: 64 జీబీ పెన్‌డ్రైవ్ కొత్తది కొన్నాను. లాప్‌టాప్‌లో, టీవీలో పాటలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. కారులో పెడితే ఫైళ్లు లేవంటుంది. పెన్‌డ్రైవ్ మార్చినా అంతే.
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తొంభై పాళ్లు ఇది ఫార్మాట్ గొడవే, అంటే పెన్‌డ్రైవ్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి. 64 జీబీ, ఆ పైన ఉన్నవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి. చాలా కారు సిస్టమ్‌లు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే ఇంకా కష్టం. విండోస్‌లో కుడి నొక్కు నొక్కి ఫార్మాట్ అంటే 32 జీబీ దాటిన వాటికి మామూలుగా ఫ్యాట్32 కనిపించదు. అది విండోస్ పెట్టుకున్న హద్దు, ఫ్యాట్32కు ఉన్న హద్దు కాదు.

రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెరిచి, బూట్ ఎంపికలో నాన్ బూటబుల్, పార్టిషన్ పద్ధతిలో ఎంబీఆర్, ఫైల్ సిస్టమ్‌లో లార్జ్ ఫ్యాట్32 పెట్టి స్టార్ట్ నొక్కండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందు వేరేచోట దాచుకోండి. మ్యాక్‌లో అయితే డిస్క్ యుటిలిటీలో అన్ని పరికరాలూ చూపించు అన్న ఎంపిక పెట్టుకుని, పెన్‌డ్రైవ్ పేరున్న పై వరుసను ఎంచుకోండి. ఎంఎస్-డాస్ ఫ్యాట్, మాస్టర్ బూట్ రికార్డ్ (ఎంబీఆర్ అంటే ఇదే) అని ఎంచి ఎరేజ్ చేయాలి. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఎంబీఆర్. ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32 అయినా పార్టిషన్ జీపీటీ అనే వేరే పద్ధతిలో ఉంటే కొన్ని కార్లు డ్రైవ్‌నే గుర్తించవు.

అంత చేసినా రాకపోతే మీరు పెట్టిన సాకెట్ చూడండి. ముందు సీట్ల దగ్గర రెండు యూఎస్‌బీ సాకెట్లుంటే చాలాసార్లు ఒకటి చార్జింగ్‌కే పరిమితం. మూడు కొమ్మల యూఎస్‌బీ గుర్తో, సంగీతం గుర్తో ఉన్నది పాటలకు. మెరుపు గుర్తో బ్యాటరీ గుర్తో ఉన్నది చార్జింగ్‌కు. వెనక సీట్లవి దాదాపు అన్నీ చార్జింగ్‌వే. పెన్‌డ్రైవ్ బదులు పాత హార్డ్‌డిస్క్ పెడదామనుకునేవాళ్లు కూడా ఉంటారు, వద్దు. డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలో దానికి కావాల్సిన కరెంటు చాలా కార్ల సాకెట్ ఇవ్వలేదు. టక్ టక్‌మని ఆగిపోతుంటుంది, చివరికి డేటా పోతుంది.

మ్యాక్ నుంచి కాపీ చేసేవారికి మరో చిక్కు ఉంది. ప్రతి పాట పక్కనా చుక్క, కింద గీతతో మొదలయ్యే దాపుడు ఫైలు ఒకటి చేరుతుంది. కారు దాన్నీ పాట అనుకుని రెండు క్షణాలు మూగగా ఆగుతుంది. కాపీ అయ్యాక టెర్మినల్‌లో డాట్ క్లీన్ ఆదేశం ఇస్తే అవి పోతాయి.

ప్రశ్న: హరికథ 14 భాగాలు. కారులో ఒకటి తర్వాత పదో భాగం, తర్వాత పదకొండు వస్తున్నాయి. పేర్లు మార్చి చూస్తే ఇంకో వరుసలో వచ్చాయి.
— ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీది రెండు వేర్వేరు కారణాలు కలిసిపోయిన సమస్య. అక్షర క్రమంలో చూసే సిస్టమ్‌కు 1 తర్వాత 10 రావడం సహజం, 2 కన్నా 1తో మొదలయ్యేవన్నీ ముందు. అందుకే 01, 02 అని రెండంకెలతో రాయాలి. వంద దాటితే 001 అని మొదలుపెట్టాలి.

రెండోది, చాలా కారు సిస్టమ్‌లు పేర్లు చూడనే చూడవు. పెన్‌డ్రైవ్ పట్టికలో ఫైళ్లు ఏ వరుసలో చేరాయో ఆ వరుసలోనే వాయిస్తాయి. అంటే మీరు కాపీ చేసిన వరుస. తర్వాత పేరు మార్చినా ఆ పట్టికలో చోటు మారకపోవచ్చు, లేదా ఎక్కడో ఖాళీ అయిన చోట చేరొచ్చు. విండోస్‌లో డ్రైవ్‌సార్ట్, లినక్స్‌లో ఫ్యాట్‌సార్ట్ అనే ఉచిత పనిముట్లు ఈ పట్టికను పేర్ల వరుసలో తిరగరాస్తాయి. నిమిషం పని. అవి వద్దనుకుంటే పెన్‌డ్రైవ్‌ను మళ్లీ ఫార్మాట్ చేసి, ఫోల్డర్లు ఒక్కొక్కటే, భాగాలు ఒక్కొక్కటే వరుసగా కాపీ చేయండి. పధ్నాలుగు భాగాలే కాబట్టి అదీ కష్టం కాదు.

ఇంకా కొన్ని సిస్టమ్‌లు ఫైలు లోపల దాగున్న ట్రాక్ అంకెను బట్టి వాయిస్తాయి. ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాంలో భాగాలన్నీ ఎంచుకుని ఆటో నంబరింగ్ ఇస్తే అది కూడా సరిపోతుంది. మూడూ చేసేస్తే ఏ కారులోనైనా వరుస తప్పదు.

హరికథ కాబట్టి ఇంకో మాట. గంట నిడివి ఉన్న ఒకే ఫైలు పెడితే, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సిస్టమ్‌లు మొదటికి వెళ్లిపోతాయి. ఎంపీ3డైరెక్ట్‌కట్‌తో పది నిమిషాల ముక్కలుగా కోసుకోండి. అది ఎంపీ3ని విప్పి మళ్లీ కట్టకుండానే కోస్తుంది కాబట్టి నాణ్యత తగ్గదు. మాట ప్రధానమైన వాటికి 320 అక్కర్లేదు, మోనోలో 96 కేబీపీఎస్ చాలు. గంటకు 43 ఎంబీ. శాంపిల్ రేటు మాత్రం 44,100 దగ్గరే ఉంచండి, తగ్గిస్తే కొన్ని పాత సిస్టమ్‌లు వాయించవు.

ప్రశ్న: హరికథకు ముక్కలు చేయొచ్చు. మరి కచేరీకి? రాగం, తానం, పల్లవి సీడీలో మూడు ట్రాకులు. ట్రాకు మారినప్పుడల్లా కారులో చిన్న తెగుడు. తంబురా ఆగి మళ్లీ మొదలైనట్టుంటుంది.
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ తెగుడు సీడీలో లేదు, ఎంపీ3లోనే ఉంది. ఎంపీ3 తయారయ్యేటప్పుడు మొదట్లో, చివర్లో సెకనులో పదోవంతు కన్నా తక్కువ నిశ్శబ్దం తప్పనిసరిగా చేరుతుంది. దానికి తోడు కారు సిస్టమ్ తర్వాతి ఫైలు తెరవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఇంట్లో మంచి ప్లేయర్లు ఆ నిశ్శబ్దాన్ని లెక్కగట్టి దాటేస్తాయి, కారువి చాలావరకు పట్టించుకోవు.

మందు ఒకటే, ఆ మూడింటినీ ఎంపీ3 చేయకముందే కలిపేయండి. ఫ్లాక్ ట్రాకులు మూడూ ఫూబార్‌లో వరుసగా ఎంచుకుని, మార్చే చోట ట్రాకులన్నీ ఒకే ఫైలుగా కలిపే ఎంపిక పెట్టండి. సీడీ నుంచి శుభ్రంగా వచ్చిన ఫ్లాక్‌లు ఒకదానికొకటి అతుకు తెలియకుండా కలుస్తాయి. విడివిడి ఎంపీ3లు తీసుకుని తర్వాత కలిపితే తెగుడు లోపలే ఉండిపోతుంది. వర్ణం, కీర్తనలు మాత్రం విడిగానే ఉంచుకోండి, చప్పట్ల దగ్గర తెగినా బాధ ఉండదు. తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు విడిగా వాయించే భాగం) వేరే ట్రాకుగా ఉంటే దాని ముందున్న కృతితో కలపడం మరవకండి.

ప్రశ్న: పాటల పేర్లు తెలుగులో పెట్టుకున్నాను. కారు తెర మీద గళ్లు గళ్లుగా వస్తున్నాయి.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ సిస్టమ్‌లో తెలుగు అక్షరాల ఫాంట్ లేదు. మీ వైపు నుంచి దాన్ని చేర్చడానికి వీలుండదు. బాధగానే ఉంటుంది గానీ కారు ప్రతిలో పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకుని, ఇంటి ప్రతిలో తెలుగే ఉంచండి. రెండు ప్రతులు వేరుగా ఉంచుకోమనడానికి ఇదీ ఒక కారణం.

ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టినా పిచ్చి గుర్తులు వస్తుంటే ట్యాగ్ (ఫైలు లోపల దాగుండే పాట వివరాలు) రకం చూడండి. ఎంపీ3ట్యాగ్ సెట్టింగుల్లో ఐడీ3 2.3 అని ఎంచి మళ్లీ సేవ్ చేయాలి. 2.4 రకాన్ని పాత సిస్టమ్‌లు కొన్ని చదవలేవు. మరో చికాకు, ఒకే గాయకుడి పేరు ఐదు సీడీల్లో ఐదు స్పెల్లింగులతో ఉంటే కారు ఐదుగురిని చూపిస్తుంది. ఎంపీ3ట్యాగ్‌లో ఆ పాటలన్నిటినీ ఎంచుకుని ఒక్కసారే ఒకే పేరు రాయండి. కవర్ బొమ్మలు 500 పిక్సెళ్ల లోపు మామూలు జేపెగ్‌లుగా ఉంచండి. పెద్ద బొమ్మలుంటే జాబితా తెరుచుకోవడానికే చాలాసేపు పడుతుంది.

ప్రశ్న: ఒక పాట చెవులు చిల్లులు పడేలా, తర్వాతిది వినపడీ వినపడకుండా. డ్రైవ్ చేస్తూ ప్రతి పాటకూ సౌండ్ మార్చుకోవాల్సి వస్తోంది.
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: 1950లు, 60ల పాటల రికార్డింగులు సహజంగానే మెల్లగా ఉంటాయి, ఇప్పటివి గరిష్ఠ స్థాయికి నెట్టి చేస్తారు. ఎంపీ3గెయిన్ ప్రోగ్రాంలో కారు ప్రతి మొత్తం వేసి, లక్ష్యం 89 డెసిబెల్స్ దగ్గరే ఉంచి ట్రాక్ గెయిన్ ఇవ్వండి. అది ఎంపీ3లోని సంగీతాన్ని విప్పదు, ప్రతి ముక్కకూ ఉన్న స్థాయి అంకెను 1.5 డెసిబెల్స్ మెట్లలో మారుస్తుంది. అందుకే నాణ్యత పోదు, కావాలంటే వెనక్కి కూడా తిప్పొచ్చు. ఎర్ర అక్షరాలతో క్లిప్ (ధ్వని చిట్లుతుంది) అని చూపే పాటలకు లక్ష్యం రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. కచేరీలకు మాత్రం ఒక్కో పాటనూ విడిగా సమం చేసే ట్రాక్ గెయిన్ బదులు, మొత్తం సీడీని ఒకే మేరకు మార్చే ఆల్బమ్ గెయిన్ వాడాలి. లేకపోతే మెల్లగా సాగాల్సిన ఆలాపన కూడా తని ఆవర్తనంతో సమానంగా మోగుతుంది.

ప్రశ్న: పాత కారు, రేడియో తప్ప ఏమీ లేదు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొన్నాను. హైదరాబాద్‌లో బాగానే ఉంటుంది, విజయవాడ వెళ్తుంటే దారిలో వేరే స్టేషన్ పాటల మీద పడుతుంది.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ చిన్న పరికరం శక్తి కారు దాటి పోదు. దానికి ఎదురుగా కిలోవాట్ల స్టేషన్ ఉంటే అదే గెలుస్తుంది. హైదరాబాద్‌లో 91.1, 93.5, 98.3, 101.9, 102.8 మీద స్టేషన్లున్నాయి. ఒక ఊళ్లో ఖాళీగా ఉన్న అంకె మరో ఊళ్లో ఖాళీగా ఉండదు.

మన దగ్గర ప్రైవేటు స్టేషన్లు ఎక్కువగా 91 నుంచి పైన ఉంటాయి. కాబట్టి ట్రాన్స్‌మిటర్‌ను 87.5 నుంచి 89 మధ్య పెట్టి చూడండి. 90.4 వదిలేయండి, ఆ అంకె సమాజ రేడియోలు వాడుకుంటాయి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో 2008 నుంచి 90.4 మీదే మోగుతోంది. ముందు ట్రాన్స్‌మిటర్ ఆపేసి, ఆ అంకె మీద ఉత్త హోరు తప్ప ఏమీ లేదని చూసుకోండి. అటూ ఇటూ 0.4 మెగాహెర్ట్జ్ దూరంలో కూడా బలమైన స్టేషన్ ఉండకూడదు. రేడియోలో రెండో ఖాళీ అంకె కూడా ముందే దాచి పెట్టుకుంటే దారిలో ఒక్క నొక్కుతో మారిపోవచ్చు, అదీ బండి పక్కన ఆపి. ఫోను సౌండ్ ముప్పావు వంతు దగ్గర ఉంచి, మిగతాది రేడియోలో పెంచండి. ఫోను పూర్తిగా పెంచితే గొంతు పగిలినట్టు వస్తుంది.

అయినా ఎఫ్ఎం పద్ధతికి ఒక హద్దుంది. 15 కిలోహెర్ట్జ్ పైన ఉన్న స్వరాలు వెళ్లవు, హోరు పూర్తిగా పోదు. మీ రేడియో వెనక ఆక్స్ సాకెట్ (ఫోనును వైరుతో కలిపే చోటు) ఉందేమో కారు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉంటే మూడున్నర మిల్లీమీటర్ల వైరు ఎంతో నయం. క్యాసెట్ పెట్టే చోటు ఉన్న కార్లకు క్యాసెట్ ఆకారంలో వైరుతో వచ్చే అడాప్టర్ కూడా ఎఫ్ఎం కన్నా మెరుగే.

ఆక్స్ పెట్టినవారికి వచ్చే ఫిర్యాదు, ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ సన్నగా పెరిగే కీచు. ఫోను చార్జర్ పీకి చూడండి. కీచు ఆగితే అది గ్రౌండ్ లూప్. ఫోను చార్జర్ నుంచీ, ఆక్స్ నుంచీ రెండు దారుల్లో కారు బాడీకి కలుస్తోంది, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే భాగం) చప్పుడు ఆ చుట్టులోంచి పాటలోకి దూరుతోంది. ఆక్స్ వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అమ్ముతారు. దాన్ని పెడితే చప్పుడు పోతుంది.

ప్రశ్న: ఫోనులోనే పాటలన్నీ ఉన్నాయి. బ్లూటూత్‌లో వినడం మంచిదా, ఆండ్రాయిడ్ ఆటోలోనా? ఆటోలో నెట్ యాప్‌లే కనిపిస్తున్నాయి, నా పాటలు కనిపించడం లేదు.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వీలుంటే ఆటోయే మంచిది. బ్లూటూత్‌లో పాట దారిలో మరోసారి కుదింపుకు గురవుతుంది, ఎక్కువ కార్లు వాడే ఎస్‌బీసీ పద్ధతిలో గరిష్ఠంగా 328 కేబీపీఎస్ చుట్టూ. ఆటోలో పాట వైరు మీదనో వైఫై మీదనో వెళ్తుంది. మీ సొంత పాటల కోసం వీఎల్‌సీ గానీ పవర్‌యాంప్ గానీ పెట్టుకోండి. ఫోనులో ఒకసారి తెరిచి ఫైళ్లు చూసే అనుమతి ఇవ్వండి. తర్వాత ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగుల్లో లాంచర్ కస్టమైజ్ లోకి వెళ్లి ఆ యాప్ పక్కన టిక్ ఉందో లేదో చూడండి. టిక్ లేకపోవడమే చాలాసార్లు అసలు కారణం. బ్లూటూత్‌లోనే వింటే ఫోను సౌండ్ పూర్తిగా పెంచి, కారులో తగ్గించుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటాం. నాన్నగారి సీడీలన్నీ ఇండియాలో ఫ్లాక్‌గా చేయించి పంపారు. ఐఫోనులో ఎక్కించబోతే తీసుకోవడం లేదు. కారులో కార్‌ప్లే ఉంది.
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఐఫోను మ్యూజిక్ యాప్ ఫ్లాక్ తీసుకోదు. నాణ్యత తగ్గకుండానే ఆపిల్ లాస్‌లెస్‌కు మార్చుకోవచ్చు, ఫూబార్‌లోనే ఆ ఎంపిక ఉంటుంది. ఫ్లాక్ ప్రతులను చెరపకండి, అవే మీ ఇంటి ప్రతి. మార్చినవాటిని మ్యాక్‌లో అయితే ఫైండర్ ద్వారా, విండోస్‌లో ఆపిల్ డివైసెస్ యాప్ ద్వారా సింక్ చేయండి. మీకు నెలవారీ ఆపిల్ మ్యూజిక్ చందా ఉండి సింక్ లైబ్రరీ ఆన్‌లో ఉంటే అది ఈ పద్ధతికి అడ్డొస్తుంది. ఫోను సెట్టింగుల్లో దాన్ని ఆపితేనే వైరు ద్వారా పాటలు దిగుతాయి. ఒకసారి దిగాక కార్‌ప్లేలో మ్యూజిక్ యాప్ లైబ్రరీలో అన్నీ కనిపిస్తాయి, నెట్ లేని దారుల్లోనూ మోగుతాయి.

ప్రశ్న: బయటి సీడీ డ్రైవ్‌నే కారు యూఎస్‌బీకి తగిలిస్తే సరిపోదా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: సరిపోదు. కారు సిస్టమ్‌కు పెన్‌డ్రైవ్ భాష తెలుసు, సీడీ డ్రైవ్ భాష తెలియదు. కార్ల కోసమే చేసిన ప్రత్యేక సీడీ ప్లేయర్లు ఉన్నాయి, తమను పెన్‌డ్రైవ్‌గా కారుకు పరిచయం చేసుకుంటాయి. కానీ ధర ఎక్కువ, అన్ని కార్లలో పనిచేయవు, పైగా నడుస్తున్న బండిలో డిస్కులు మార్చడం ప్రమాదం. ఆ డబ్బుతో రిప్ చేసే డ్రైవ్, రెండు పెన్‌డ్రైవ్‌లు వస్తాయి.

ప్రశ్న: మా నాన్నగారు పాడిన పద్యాలు, ఊళ్లో బుర్రకథలు క్యాసెట్లలో ఉన్నాయి. వాటినీ కారులో వినాలని ఉంది.
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ముందు ఈ పనే చేయండి, సీడీల సంగతి తర్వాత. కొన్న సీడీ ఇంకెక్కడైనా దొరకొచ్చు, ఈ క్యాసెట్లు ప్రపంచంలో ఒక్కొక్కటే ఉన్నాయి.

క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, వాటిని విరిచేయండి. ఇక పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు. టేపు మీద తెల్లటి బూజు పొడి కనిపిస్తే డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టకండి. అది టేపును చదివే హెడ్డుకు అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది, అలాంటివాటిని పని తెలిసినవారికే ఇవ్వండి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పండి. ఏళ్లుగా అతుక్కుని ఉన్న చుట్టు వదులవుతుంది.

యూఎస్‌బీతో వచ్చే చవక ప్లాస్టిక్ కన్వర్టర్లు కొనకండి, మోటారు నిలకడగా తిరగక గొంతు ఊగుతుంది. పాత మంచి డెక్కు ఒకటి సంపాదించి, హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. డెక్కు లైన్ అవుట్ నుంచి, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు వైరు ఇవ్వండి. లాప్‌టాప్ మైకు సాకెట్‌లో పెడితే ధ్వని చిట్లుతుంది. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రాంలో 44,100 శాంపిల్ రేటు పెట్టి, గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుని రికార్డు చేయండి. సీ60 క్యాసెట్‌కు ఒక్కో వైపు అరగంట, సీ90కు 45 నిమిషాలు, ఆ సమయమంతా టేపు ఆడాల్సిందే.

గొంతు మూతపడ్డట్టు వినిపిస్తే అది టేపు లోపం కాకపోవచ్చు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. టేపు ఆడుతుండగా దాన్ని సన్న స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ పావు చుట్టు లోపు తిప్పుతూ ‘స’, ‘ష’ అక్షరాలు స్పష్టంగా వినిపించే చోట ఆపండి. రికార్డు చేసిన యంత్రం హెడ్డు కోణం, మీ డెక్కు కోణం కలవనందువల్ల వచ్చే చిక్కు ఇది. ప్రతి క్యాసెట్‌కూ విడిగా సరిచూడాలి.

హోరు తగ్గించే ఎంపికను 6 నుంచి 9 డెసిబెల్స్ దాటనివ్వకండి. ఎక్కువ చేస్తే మీ నాన్నగారి గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అయిపోతుంది. ముడి రికార్డింగును ఏ మార్పూ చేయకుండా ఫ్లాక్‌గా దాచి, శుభ్రం చేసినదాన్ని మోనో ఎంపీ3గా కారుకు తీసుకోండి. క్యాసెట్లను పారేయకండి.

ప్రశ్న: గత రెండు వేసవుల్లో రెండు పెన్‌డ్రైవ్‌లు పోయాయి.
— ఒక పాఠకుడు, రెంటచింతల

జవాబు: మీ ఊరి ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలిసిందే. మే నెలలో ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. మామూలు పెన్‌డ్రైవ్ పనిచేయడానికి చాలా కంపెనీలు చెప్పే హద్దు కూడా అక్కడక్కడే. ఆ వేడిలో కారెక్కిన వెంటనే పాటలు పెట్టకుండా, ఏసీ వేసి ఐదు నిమిషాలు ఆగండి. గోరంత పొట్టి పెన్‌డ్రైవ్‌లు తమ వేడికే మరిగిపోతాయి, కాస్త పొడవున్న లోహపు ఒంటివి మేలు. అవి మోకాలికి తగిలి వంగకుండా జానెడు ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టుకోండి. పాట మోగుతుండగా పీకకండి, ముందు రేడియోకు మార్చి తర్వాత తీయండి. ఇంటి ప్రతిని రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచండి, ఒకటి వేరే ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. అప్పుడు పెన్‌డ్రైవ్ పోయినా పోయేది ఆ పెన్‌డ్రైవ్ ధరే, అరగంటలో కొత్తది నింపుకోవచ్చు.